ఓపెనింగ్ ఎంతవరకు చదవాలి?

ఇటలీకి చెందిన జూలియో చెజారె పోలేరియో సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట ఆడినట్టు చెప్పే ఒక గేమ్ ఇవాళ్టి రేటింగ్ టోర్నీల్లో, ముఖ్యంగా పిల్లల బోర్డుల మీద, ఎత్తుకు ఎత్తు మళ్లీ నడుస్తూనే ఉంది. ఈ4కు ఈ5 జవాబు. తెల్ల గుర్రం ఎఫ్3కి, నల్ల గుర్రం సి6కి వస్తాయి. తెల్ల బిషప్ సి4కి, నలుపు రెండో గుర్రం ఎఫ్6కి చేరతాయి. నాలుగో ఎత్తులో తెల్ల గుర్రం జి5 మీదికి దూకి, బిషప్‌తో కలిసి ఎఫ్7 బంటుకు గురిపెడుతుంది. నలుపు డి5తో అడ్డం వేస్తుంది. తెలుపు ఆ బంటును చంపితే నలుపు గుర్రంతో తిరిగి చంపుతుంది. సరిగ్గా అప్పుడే తెల్ల గుర్రం ఎఫ్7 గడిలోకి దూకి మంత్రినీ ఏనుగునూ ఒకేసారి పట్టుకుంటుంది. దాన్ని రాజే చంపాలి. మంత్రి ఎఫ్3 నుంచి చెక్ చెప్పగానే, డి5 మీదున్న గుర్రాన్ని పోగొట్టుకోకూడదంటే నల్ల రాజు బోర్డు నడిబొడ్డుకు, ఈ6 గడికి, నడిచి రావాలి. దీని పేరు ఫ్రైడ్ లివర్ అటాక్.

ఈ దాడి తెలిసిన పదేళ్ల పిల్లాడు తెలియని పిల్లాడిని పావుగంటలో ఓడించి హాలు బయటికి వస్తాడు. ‘ఓపెనింగ్ చదివితే చాలు, గెలుపు వస్తుంది’ అనే నమ్మకం ఆ ఇంట్లో ఆరోజే పాతుకుపోతుంది. తర్వాతి రౌండ్‌లో ఎదుటివాడు గుర్రంతో బంటును చంపకుండా, రెండో గుర్రాన్ని ఏ5కి తెచ్చి బిషప్ మీదికి తోలుతాడు. తెలుపుకు ఒక బంటు ఎక్కువొస్తుంది, నలుపు పావులు మాత్రం చకచకా బయటికి వచ్చేస్తాయి. బట్టీ పట్టిన ఎత్తులు అక్కడితో సరి. చేతిలో ఒక బంటు లాభం, గడియారంలో గంటకు పైగా సమయం, ముందేం చెయ్యాలో తెలియని ఆట మిగులుతాయి.

అమెచ్యూర్ ఆటగాడికి ఓపెనింగ్ చదువు ఎంత అవసరం అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. చదువో ఉద్యోగమో చూసుకుంటూ, ఏడాదికి నాలుగైదు టోర్నీలు ఆడుతూ, 1400 నుంచి 2000 రేటింగ్ మధ్య తిరిగే మనిషి మాట ఇది. రోజుకు గంట దొరికితే గొప్ప. ఆ గంటను దేనికి ఖర్చు పెట్టాలన్నదాని మీద పెద్ద ఆటగాళ్లూ కోచ్‌లూ పరిశోధకులూ వందేళ్లుగా వాదిస్తూనే ఉన్నారు.

ఆ వాదనలో అన్నిటికన్నా తెగువ గల జవాబు ఇమాన్యుయేల్ లాస్కర్‌ది. 1894 నుంచి 1921 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న ఆయన 1920ల్లో రాసిన చదరంగ గ్రంథంలో, ఒక మామూలు యువకుణ్ణి గట్టి ఆటగాడిగా తయారు చెయ్యడానికి 200 గంటల పాఠ్యప్రణాళిక ఇచ్చాడు. నియమాలకు, అభ్యాసాలకు 5 గంటలు. ప్రాథమిక ఎండ్‌గేమ్‌లకు 5. కొన్ని ఓపెనింగ్‌లకు 10. కాంబినేషన్లకు 20, పొజిషనల్ ఆటకు 40. మిగిలిన 120 గంటలూ ఆడటానికి, ఆడినదాన్ని విశ్లేషించుకోవడానికి. అంటే ఓపెనింగ్‌కు దక్కింది ఇరవయ్యో వంతు. ఇవాళ చదరంగం నేర్పే చాలా చోట్ల ఈ లెక్క తలకిందులుగా నడుస్తోంది. పిల్లల నోటుబుక్కులు తిరగేస్తే సిసిలియన్ వేరియేషన్లు పేజీలకు పేజీలు కనిపిస్తాయి, రాజు–బంటు ఎండ్‌గేమ్ ఒక్కటీ కనిపించదు.

లాస్కర్‌ను ఓడించిన కాపాబ్లాంకాదీ ఇదే దారి. 1921లో వచ్చిన ఆయన పాఠ్యపుస్తకం ఓపెనింగ్‌తో మొదలవ్వదు. ఏనుగు, రాజు కలిసి ఒంటరి రాజుకు ఆటకట్టు చెప్పడం ఎలాగో చూపిస్తూ మొదలవుతుంది. ముందు ముగింపు తెలిస్తే, మధ్యలో ఎటు నడవాలో తెలుస్తుందన్నది ఆయన పద్ధతి.

అమెచ్యూర్‌ను దగ్గరగా చూసి రాసినవాడు మాత్రం మాక్స్ ఊవే. హాలండ్‌లో గణితం పాఠాలు చెప్పుకుంటూ 1928లో ది హేగ్‌లో ప్రపంచ అమెచ్యూర్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ పోటీ అంతకు నాలుగేళ్ల ముందు, 1924లో, పారిస్‌లో మొదలైంది. అప్పుడు గెలిచింది లాత్వియాకు చెందిన హెర్మానిస్ మాటిసన్స్. ఏడేళ్ల తర్వాత, 1935లో, ఊవే ఏకంగా అలెఖిన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఉద్యోగం, ఆట రెండూ మోసినవాడు కాబట్టి అమెచ్యూర్ ఎక్కడ తడబడతాడో ఆయనకు తెలుసు. 1963లో అమెరికా భాషాచార్యుడు వాల్టర్ మైడెన్‌తో కలిసి మాస్టర్, అమెచ్యూర్ తలపడే గేమ్‌లతో ఒక పుస్తకం తెచ్చాడు. అమెచ్యూర్ ఓపెనింగ్‌లో తప్పు ఎత్తు వేసినప్పుడు దాన్ని ఎలా శిక్షించాలి, ఎందుకు చాలాసార్లు శిక్షించలేకపోతాం అన్నదే ఆ పుస్తకం పట్టు. ఈ రెండో ప్రశ్నే అసలైనది. ఎదుటివాడు పుస్తకం తప్పగానే గెలిచేశామని అనుకోవడం, అదే ఎత్తు మీద అరగంట ఆలోచించి సమయం పోగొట్టుకోవడం అమెచ్యూర్ గేమ్‌లో నిత్యం కనిపించే దృశ్యం.

ఇక ఇటువైపు వాదన. ఓపెనింగ్ చదువు దండగ అనేవాళ్లకు శాస్త్రం అంత సులువుగా వంతపాడదు. మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్‌లియోడ్, ఫెర్నాండ్ గోబే 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడేవాళ్లకూ సిసిలియన్ ఆడేవాళ్లకూ రెండు రకాల పొజిషన్లూ ఇచ్చారు. తాము రోజూ ఆడే ఓపెనింగ్ నుంచి వచ్చిన పొజిషన్ కాకుండా పరాయిది వచ్చినప్పుడు ఆటగాళ్ల స్థాయి ఒక ప్రామాణిక విచలనం మేరకు పడిపోయింది. రేటింగ్ లెక్కలో అది దాదాపు 200 పాయింట్లు. ఎలో పట్టిక ప్రకారం 200 పాయింట్ల తేడా అంటే పైవాడు వందకు సుమారు 76 పాయింట్లు తెచ్చుకుంటాడని అంచనా. పరిచయమున్న నేల మీద ఆడటానికి అంత విలువ ఉందన్నమాట. గోబేనే ఫిలిప్ షాసీతో కలిసి 2011లో ఇంకో లెక్క కట్టాడు: మాస్టర్ స్థాయి ఆటగాళ్లు గుర్తుపెట్టుకునే ఓపెనింగ్ ఎత్తులు లక్ష దాకా ఉంటాయని.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. లక్ష ఎత్తులు ఉద్యోగం చేసుకునేవాడి వల్ల కావు. పరిచయమున్న నేల మాత్రం అతనికీ అందుబాటులో ఉంది. మొదటి ప్రయోగంలో లాభపడినవాళ్లు ఏదో కొత్త లైన్ రాత్రికి రాత్రి నేర్చుకున్నవాళ్లు కాదు. ఒకే ఓపెనింగ్‌ను ఏళ్ల తరబడి ఆడి, అందులో పుట్టే బంటుల అమరికలు, పావుల దారులు కళ్లకు అలవాటు చేసుకున్నవాళ్లు. ఓపెనింగ్ తరచూ మార్చే అమెచ్యూర్ తన 200 పాయింట్లను తానే వదులుకుంటున్నాడు.

నీల్ చార్నెస్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం ఇంకో కోణం చూపిస్తుంది. గ్రాండ్‌మాస్టర్లు గట్టిగా ఆడటం మొదలుపెట్టిన తొలి పదేళ్లలో ఒంటరిగా కూర్చుని చదివిన సమయం సుమారు 5000 గంటలు. మధ్యస్థాయి ఆటగాళ్లకన్నా దాదాపు ఐదు రెట్లు. టోర్నీలు ఎన్ని ఆడారన్నదానికన్నా ఈ ఒంటరి చదువే స్థాయిని ఎక్కువగా నిర్ణయించింది.

అయితే ఆ చదువు బట్టీ పట్టడం కాకూడదు. బట్టీ పట్టిన ఎత్తు ఎంత దూరం మోసుకెళ్తుందో చెప్పడానికి 1988లో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో జరిగిన ఆరు ఎత్తుల గేమ్ చాలు. తెల్ల పావులతో కొలంబియా గ్రాండ్‌మాస్టర్ అలోన్సో జపాటా, నల్ల పావులతో పద్దెనిమిదేళ్ల విశ్వనాథన్ ఆనంద్. పెట్రోఫ్ డిఫెన్స్. ఐదో ఎత్తులో ఆనంద్ తన బిషప్‌ను ఎఫ్5కి తెచ్చాడు. అంతకు ముందు ఏడాది టోనీ మైల్స్, లారీ క్రిస్టియాన్సెన్ మధ్య జరిగిన గేమ్‌లో అదే ఎత్తు పడింది, ఆ గేమ్ డ్రాగా ముగిసింది, అచ్చులోకీ వచ్చింది. అచ్చులో ఉన్న ఎత్తు కదా అని ఆనంద్ నమ్మాడు. జపాటా మంత్రిని ఈ2 గడికి జరిపాడు. ఈ4 మీదున్న నల్ల గుర్రం రాజు ముందు ఇరుక్కుపోయింది, దాన్ని కాపాడే దారి లేదు. ఆనంద్ అక్కడే ఓటమి ఒప్పుకున్నాడు. తర్వాత ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయినవాడికే ఇలా జరిగింది. ఫోన్‌లో చూసిన ఎత్తును అలాగే బోర్డు మీద పెట్టే అమెచ్యూర్‌కు ఆ ప్రమాదం ప్రతి ఆదివారమూ ఉంది.

ఓపెనింగ్ థియరీ అంతా గ్రాండ్‌మాస్టర్లు కట్టి అమెచ్యూర్లకు దానం చేసిందని ఒక అపోహ ఉంది. చరిత్ర చూస్తే అలా లేదు. ఇటాలియన్ గేమ్‌లో బి4 బంటును త్యాగం చేసే ఎవాన్స్ గ్యాంబిట్‌ను 1820ల్లో కనిపెట్టింది విలియం డేవీస్ ఎవాన్స్ అనే వేల్స్ ఓడ కెప్టెన్. అది పందొమ్మిదో శతాబ్దమంతా రాజ్యమేలింది. అండర్సన్ 1852లో డుఫ్రేన్ మీద గెలిచిన ‘ఎవర్‌గ్రీన్’ గేమ్ అందులో పుట్టిందే. పాతబడిపోయిందని అందరూ పక్కన పెట్టాక 1995లో రీగాలో కాస్పరోవ్ దాన్ని బయటికి తీసి ఆనంద్‌ను 25 ఎత్తుల్లో ఓడించాడు. మొదట చెప్పుకున్న జి5 గుర్రం దాడికి ఎదురుదాడిగా బిషప్‌ను సి5కి తెచ్చి, ఎఫ్7 పోతే పోనీ అనే భీకరమైన లైన్ ఒకటుంది. దానికి పేరు పెట్టింది కారెల్ ట్రాక్స్‌లర్ అనే చెక్ చర్చి పూజారి మీద. ఆయన గేమ్ 1890 నాటిది.

మన దేశం సంగతి ఇంకా ఆసక్తికరం. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో కలకత్తాలో జాన్ కోక్రేన్ అనే స్కాట్లాండ్ న్యాయవాది మహేశ్‌చంద్ర బంద్యోపాధ్యాయ అనే బెంగాలీ ఆటగాడితో ఎన్నో గేమ్‌లు ఆడి, వాటిని రాసిపెట్టాడు. బంటు మొదటి ఎత్తులో ఒక్క గడే కదిలే దేశీయ పద్ధతిలో పెరిగిన మహేశ్‌చంద్ర, నడిమి గడులను ఎదుటివాడికి వదిలి, బిషప్‌ను మూలన జి7లో కూర్చోబెట్టి, అక్కడి నుంచి పోరాడేవాడు. యూరప్‌కు అది వింత. 1855 నాటి ఒక గేమ్‌లో ఆయన ఆడిన అమరికనే 1922లో ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ ఆడాక ‘గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్’ అన్నారు. కింగ్స్ ఇండియన్, నిమ్జో–ఇండియన్ లాంటి పేర్లలో ఇండియా అన్న మాట ఉండటానికి మూలం ఈ కలకత్తా గేమ్‌లే. పుస్తకం చదవని మనిషి తన ఆలోచనతో వేసిన ఎత్తులు ఇవాళ ప్రపంచ చాంపియన్‌షిప్ థియరీలో భాగం. ఓపెనింగ్ నేర్చుకునే ప్రతి తెలుగు పిల్లవాడికీ ఈ కథ చెప్పి తీరాలి.

అమెచ్యూర్ ఆటను చిన్నచూపు చూసిన పెద్దలూ లేకపోలేదు. నాలుగో ఎత్తులోనే గుర్రాన్ని జి5కి తోలడాన్ని జర్మన్ గురువు టారాష్ చేతకానివాళ్ల ఎత్తుగా తీసిపారేశాడు: ఒకే పావును రెండుసార్లు కదపకూడదన్న సూత్రం తప్పుతుంది కాబట్టి. కానీ స్టైనిట్జ్, ఫిషర్ ఇద్దరూ ఆ ఎత్తు ఆడారు. ఒక బంటు దక్కుతోంది, ఆ తర్వాత ఎదుటివాడి దాడిని కాచుకోగలనా అన్నది లెక్క వేసి తేల్చుకోవాల్సిన విషయం. సూత్రం దగ్గర ఆగిపోకుండా ఆ లెక్క పిల్లవాడి చేత వేయించాల్సింది కోచ్.

కంప్యూటర్లు వచ్చాక పరిస్థితి తలకిందులైందా? సగం మాత్రమే. 1966లో బెల్‌గ్రేడ్‌లో మొదలైన ఇన్‌ఫార్మేటర్ గేమ్‌ల సంకలనం, 1970ల్లో వచ్చిన ఓపెనింగ్ విజ్ఞాన సర్వస్వం ఒకప్పుడు మాస్టర్ల అలమరాల్లోనే ఉండేవి. ఇవాళ స్టాక్‌ఫిష్ ఇంజిన్ ఉచితం. లిచెస్ వెబ్‌సైట్‌లో ఏ పొజిషన్‌లో ఏ రేటింగ్ వాళ్లు ఏ ఎత్తు వేస్తున్నారో, ఎంతమంది గెలుస్తున్నారో ఎవరైనా చూడొచ్చు. అమెచ్యూర్‌కు ఇది నిజమైన వరం. 2700 రేటింగ్ వాళ్లు వేసే జవాబు కాకుండా, రేపు ఎదురుగా కూర్చునే 1500 రేటింగ్ మనిషి వేసే జవాబు తెలుసుకోవచ్చు. ఇంజిన్ చూపించే సంఖ్యతోనే చిక్కు. ఫ్రైడ్ లివర్‌లో రాజు నడిబోర్డులో నిలబడ్డాక కూడా, గుర్రం లాభంలో ఉన్న నలుపు ఇంకా పోరాడగలదని ఇంజిన్ అంటుంది. అది ఇంజిన్ వేసే ఎత్తులు వేస్తేనే. చెమటలు పట్టిన వేళ్లతో గడియారం నొక్కుతున్న మనిషికి ఆ సంఖ్య ఏ సాయమూ చెయ్యదు.

అగ్రశ్రేణిలోనూ ఒక మార్పు వచ్చింది, అది అమెచ్యూర్లకు మంచి కబురు. 2000లో లండన్‌లో క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్‌తో కాస్పరోవ్‌ను నిలువరించాక స్పానిష్ ఓపెనింగ్‌లో తెలుపు పని కష్టమైంది. కొన్నేళ్లకు మేటి ఆటగాళ్లు సి3, డి3 బంటులతో నెమ్మదిగా నడిచే ఇటాలియన్ వైపు మళ్లారు. పిల్లల ఓపెనింగ్‌గా చూసిన లండన్ సిస్టమ్‌తో డింగ్ లిరెన్ 2023లో అస్తానాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్ గెలిచాడు. ఈ రెండూ ఎత్తుల కన్నా పథకాల మీద నడిచే ఓపెనింగ్‌లు. ఉద్యోగస్తుడికి లండన్ సిస్టమ్ చక్కగా సరిపోతుంది: తక్కువ చదువు, తెలిసిన అమరిక. ఎనిమిదేళ్ల పిల్లలకు మాత్రం అదొక్కటే నేర్పి వదిలెయ్యడం అన్యాయం. ఈ4తో ఆడి, బోర్డు తెరుచుకున్న ఆటల్లో దెబ్బలు తిని, దెబ్బలు కొట్టి పెరగాల్సిన వయసు అది.

టోర్నీ హాలు లెక్కలూ చూడాలి. మన దగ్గర స్టాండర్డ్ రేటింగ్ టోర్నీల్లో ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అన్నది పరిచయమైన సమయ నియంత్రణ. రోజుకు రెండు రౌండ్లు పడితే మధ్యలో భోజనానికే సమయం చాలదు. జత ఎవరో తెలిసేసరికి బోర్డు ముందుకు వెళ్లే వేళవుతుంది. ప్రత్యర్థి పాత గేమ్‌లు వెతికి అతనికోసం కొత్త లైన్ తయారు చేసుకోవడం గ్రాండ్‌మాస్టర్లకు పనికొచ్చే అలవాటు. ఆ అరగంట కునుకు తీస్తే 1600 ఆటగాడికి ఎక్కువ లాభం. 2024 మార్చి 1 నుంచి ఫిడే కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచింది. 2000 లోపు ఉన్నవాళ్లందరి రేటింగ్‌నూ, 2000కు ఉన్న తేడాలో 40 శాతం కలిపి, సర్దింది. 1500 ఉన్న మనిషి ఒక్కరోజులో 1700 అయ్యాడు. అంకె మారినా ఆట మారలేదు కాబట్టి, పాత అంకెను చూసి ‘ఈ స్థాయికి ఇంత థియరీ’ అని గీసుకున్న గీతలన్నీ మళ్లీ గీసుకోవాలి.

తెలుగు గ్రాండ్‌మాస్టర్లను చూసి నేర్చుకునేటప్పుడూ జాగ్రత్త అవసరం. వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగ్ అందుకున్నాడు. ఎదుటివాణ్ణి తెలిసిన దారి నుంచి తప్పించడానికి అతను రకరకాల ఓపెనింగ్‌లు ఆడతాడు. అతని వెనుక వేల గంటల లెక్కింపు బలం ఉంది. ఆ బలం లేకుండా ఆ వైవిధ్యాన్ని అనుకరిస్తే మిగిలేది గందరగోళం. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ దారి అమెచ్యూర్‌కు ఎక్కువ పనికొస్తుంది. ఫ్రెంచ్ డిఫెన్స్ లోతులు వివరిస్తూ ఆయన ఆన్‌లైన్ కోర్సు తయారు చేశాడు. ఏ బంటు ఎప్పుడు నెట్టాలి, ఏ బిషప్ ఎందుకు చెడ్డదవుతుంది అన్నవి తెలుసుకోవడానికి అలాంటి ఒక్క ఓపెనింగ్ చాలు.

హరికృష్ణ 2024లో గుకేశ్ సహాయక బృందంలోనూ ఉన్నాడు. సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం ఆ బృందం నెలల తరబడి ఓపెనింగ్‌లు తయారు చేసింది. మొదటి గేమ్‌లో డింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడి గుకేశ్‌ను ఓడించాడు. ఆఖరి, పద్నాలుగో గేమ్ మాత్రం ఓపెనింగ్‌తో తేలలేదు. ఒక బంటు తక్కువగా ఉన్నా డ్రా కావాల్సిన ఎండ్‌గేమ్‌లో డింగ్ 55వ ఎత్తుగా ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. ఏనుగులు, బిషప్‌లు మార్చేసుకుంటే బంటుల ఎండ్‌గేమ్ గుకేశ్‌దే. కాపాబ్లాంకా పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయాల్లో ఉండే విషయంతో ప్రపంచ కిరీటం చేతులు మారింది. ఓపెనింగ్ చెడ్డదైతే ఓటమి ఖాయమా అంటే, అదీ కాదు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో టోనీ మైల్స్ ప్రపంచ చాంపియన్ కార్పోవ్ ఈ4కు ఏ6, తర్వాత బి5 అని జవాబిచ్చి, చూసినవాళ్లు నవ్వుతుండగా గేమ్ గెలిచాడు.

ఇన్ని సాక్ష్యాల తర్వాత తీర్పు ఇవ్వడం కష్టం కాదు. లాస్కర్ ఇచ్చిన ఇరవయ్యో వంతు ఈ కాలానికి తక్కువే. ఎదుటివాడి జేబులోనూ ఫోన్ ఉంది. చదువుకునే సమయంలో నాలుగో వంతు దాటితే మాత్రం అది ఆటకు నష్టం. తెల్లతో ఒకటి, ఈ4కు ఒకటి, డి4కు ఒకటి: మూడు ఓపెనింగ్‌లు ఎంచుకుని కనీసం రెండేళ్లు వాటితోనే ఉండాలి. ఒక్కో ఓపెనింగ్‌లో ముప్పై వేరియేషన్లకు బదులు పది పూర్తి గేమ్‌లు, ఎండ్‌గేమ్ దాకా, బోర్డు మీద పావులు పెట్టి ఆడి చూడాలి. ప్రతి ఎత్తుకూ ‘ఎందుకు’ అని జవాబు చెప్పలేకపోతే ఆ ఎత్తు ఇంకా రానట్టే లెక్క.

కోచ్‌లకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు బోర్డు దగ్గర నుంచి రాగానే ఇంజిన్ తెరవకండి. స్కోర్‌షీట్ తీసి, తనకు తెలిసిన ఎత్తులు ఎక్కడ అయిపోయాయో వాళ్ల చేతే గీత గీయించండి. ఆ గీత తర్వాత వేసిన మొదటి ఎత్తు ఏ ఆలోచనతో వేశారో అడిగి, స్కోర్‌షీట్ పక్కనే రాయించండి. ఎదుటి ఆటగాడు ఒప్పుకుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ పొజిషన్‌ను మళ్లీ ఆడించండి. ఇంజిన్‌ను ఆ తర్వాత, రాత్రికి తెరిస్తే చాలు.